లెక్కపెట్టాకే రాయండి

వార్డు ముచ్చట్లు: నర్సింగ్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వార్డులో నేర్చుకోవడం, నేర్పించడం గురించే ఉన్నాయి. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవారికి నా గురించి రెండు మాటలు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి 11 ఏళ్లు వార్డుల్లో, క్యాజువాలిటీలో డ్యూటీలు చేశాను. తర్వాత పోస్ట్ బేసిక్ (డిప్లొమా చేసినవాళ్లు చదివే బీఎస్సీ నర్సింగ్) చదివి, 8 ఏళ్లుగా హన్మకొండలో ఒక ఆసుపత్రిలో నర్స్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. నాకు వేరే క్లాస్‌రూమ్ అంటూ లేదు. పేషెంట్ మంచం పక్కనే నా పాఠం.

ప్రశ్న: ఆరేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్స్‌గా చేస్తున్నాను. వచ్చే నెల నుంచి మెడికల్ వార్డుకు ఎడ్యుకేటర్‌గా వెళ్లమని మా సూపరింటెండెంట్ మేడమ్ చెప్పారు. నాకు పని వచ్చు గానీ చెప్పడం రాదు. నలుగురి ముందు మాట్లాడాలంటేనే టెన్షన్. పైగా ఆ వార్డులో పాతికేళ్ల సర్వీసు ఉన్న సిస్టర్లు ఉన్నారు. ఇప్పటినుంచే "మాకు నేర్పడానికి వస్తున్నావా" అంటున్నారు. ఒప్పుకోమంటారా? – ఒక సోదరి, కాజీపేట

జవాబు: ఒప్పుకో చెల్లీ. చెప్పడం రాదని భయపడకు. ఈ పనిలో చెప్పేది తక్కువ, పక్కన నిలబడేది ఎక్కువ. నా సంగతి ఒకటి చెబుతాను.

జీఎన్ఎం మూడో సంవత్సరంలో నాకు ఫిమేల్ మెడికల్ వార్డులో పోస్టింగ్ పడింది. పొద్దున ఏడున్నరకల్లా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టులు నింపేయాలి. ముప్పై మంది పేషెంట్లకు నేను, ఇంకో అమ్మాయి. టెంపరేచర్ చూసేవాళ్లం, పల్స్ పట్టుకునేవాళ్లం. శ్వాస మాత్రం లెక్కపెట్టేవాళ్లం కాదు. మా ముందు బ్యాచ్ వాళ్లు అందరికీ 20 అని రాసేవారు, మేమూ అదే రాశాం. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని ఇద్దరు ముగ్గురికి 18 వేసేవాళ్లం.

ఒకరోజు కిటికీ పక్క మంచంలో ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉంది. జ్వరంతో చేరి రెండో రోజు. ఏదీ అడిగే మనిషి కాదు. పిలిస్తే కళ్లు తెరిచేది, మళ్లీ మూసుకునేది. ఆమెకూ 20 రాసేశాను. వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ ఆ చార్టు చూసింది. ఏమీ అనకుండా నన్ను మంచం దగ్గరికి తీసుకెళ్లి, తన చేతి గడియారం విప్పి నాకిచ్చింది. "అవ్వ చెయ్యి పట్టుకో. పల్స్ చూస్తున్నట్టే ఉండు. కళ్లు మాత్రం పొట్ట మీద పెట్టు. నిమిషం అయ్యేదాకా మాట్లాడకు" అంది.

అవ్వ పొట్ట మీద పాత చీరెలతో కుట్టిన బొంత కప్పి ఉంది. దాని మీద ఎర్ర గళ్ల అతుకు ఒకటి. ఆ అతుకు లేచినప్పుడల్లా ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకున్నాను. అరనిమిషానికే 17 అయ్యింది. నిమిషం అయ్యేసరికి 34. "ఏం లెక్కవెడుతున్నవ్ బిడ్డా" అంది అవ్వ. ఆ మూడు మాటలు అనడానికి మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. చంకలో థర్మామీటర్ పెట్టేటప్పుడు ఒక్క మాట మాట్లాడించినా నాకు అప్పుడే తెలిసేది.

డాక్టర్‌ను పిలిచారు. ఆక్సిజన్ పెట్టి ఎక్స్‌రే తీశారు. నిమోనియా. ఐసీయూకి మార్చారు. వారానికి తిరిగి వార్డుకొచ్చి, ఆ తర్వాత ఇంటికి వెళ్లింది. సిస్టర్ నన్ను తిట్టలేదు. కాలేజీకి ఫిర్యాదు చేయలేదు. చార్టులో 20ని ఒక్క గీతతో కొట్టించి, పక్కన 34 రాయించి, టైమ్ వేసి సంతకం పెట్టించింది. వైట్‌నర్ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత మిగతా 29 మందికీ మళ్లీ లెక్కపెట్టించింది. అయ్యేసరికి పది దాటింది. నేను టిఫిన్ తినలేదు. నాతోపాటు మంచం మంచానికీ తిరుగుతూ ఆమె కూడా తినలేదు.

ఆ సిస్టర్ ఆ రోజు నా పక్కన రెండున్నర గంటలు నిలబడింది. నేను 8 ఏళ్లుగా చేస్తున్నది అదే, నువ్వు చేయాల్సిందీ అదే. ఆమెకు ఎడ్యుకేటర్ అన్న పేరు లేదు, ఆ రోజుల్లో ఆ పోస్టే లేదు.

కాబట్టి మొదటి వారం క్లాసులు పెట్టకు, ప్రొజెక్టర్ జోలికి పోకు. పొద్దున హ్యాండోవర్ అయ్యాక ఇద్దరు స్టూడెంట్లనో, ఒక కొత్త నర్సునో తీసుకుని ఒక మంచం దగ్గరికి వెళ్లు. పది నిమిషాలు చాలు. శ్వాస లెక్కపెట్టించు. నువ్వూ లెక్కపెట్టు. ఇద్దరి లెక్కా ఒకటైతే రాయనివ్వు. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25 దాటితే చార్టు మూసి పక్కన పెట్టకూడదు, డ్యూటీ డాక్టర్‌కు చెప్పాలి. పిల్లల వార్డుకు వెళితే లెక్క వేరు. రెండు నెలలలోపు పసిబిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40. ఆ అంకె వచ్చినా, దాటినా దమ్ము వేగంగా ఆడుతున్నట్టే. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టొద్దని చెప్పు.

ఇంకో రోజు సెలైన్ చుక్కలు పట్టుకో. "500 మిల్లీలీటర్లు 4 గంటల్లో పోవాలి, ఎన్ని చుక్కలు పెడతావు?" అని అడిగితే చాలామంది చక్రం తిప్పి కంటి అంచనాతో వదిలేస్తారు. సెట్టు కవరు చూపించి చదివించు. దాని మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంటే మొత్తం 10,000 చుక్కలు. 240 నిమిషాలతో భాగిస్తే దాదాపు 42. నిమిషమంతా నిలబడే తీరిక లేకపోతే 10 సెకన్లకు 7 చుక్కలు పడుతున్నాయో లేదో చూడమను. ఈ 7 అన్న అంకె మా పిల్లలకు బాగా గుర్తుంటుంది. అరగంట తర్వాత మళ్లీ వెళ్లి చూడమని కూడా చెప్పు. పేషెంట్ చెయ్యి మడిస్తే చుక్కలు మారిపోతాయి.

"అర్థమైందా" అని మాత్రం అడగకు. అందరూ "అర్థమైంది మేడమ్" అనే అంటారు. "ఏదీ, చూపించు" అను. పేషెంట్ ముందు తప్పు పట్టకు. పేషెంట్ ముందు మాట పడిన పిల్ల మళ్లీ మనముందు సూది పట్టుకోదు, మనం లేనప్పుడు పట్టుకుంటుంది. మా దగ్గర ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను "ట్రే ఒకసారి చూద్దామా" అంటే చేతిలో పని ఆపి, నాతో పక్కకు రావాలి. పేషెంట్‌కు కంగారు ఉండదు, పిల్లకు పరువు పోదు. ఒక్క చోట మాత్రం ఈ మర్యాద చూడను. పొటాషియం క్లోరైడ్ యాంపూల్ సిరంజిలోకి లాగి నేరుగా క్యాన్యులాలోకి (నరంలో పెట్టిన సన్న గొట్టంలోకి) ఎక్కించబోతే అక్కడికక్కడే చెయ్యి పట్టుకుంటాను. అది సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఇవ్వాల్సిన మందు. నేరుగా పోతే గుండె ఆగుతుంది.

ఇక పాత సిస్టర్ల మాట. వాళ్లతో "నేర్చుకోవడానికి వస్తున్నా అక్కా" అను. మాటవరసకు అనకు, నిజంగా వెళ్లి నేర్చుకో. మా పిల్లల వార్డులో ఒక అక్క ఉంది. వాంతులు, విరేచనాలతో నీరంతా పోయి కళ్లు లోపలికి వెళ్లిన బిడ్డకు ఎవరికీ నరం దొరకదు, ఆమెకు దొరుకుతుంది. ముందు బిడ్డ పాదాన్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు వెచ్చబరుస్తుంది. తర్వాత ఎడమ చూపుడు వేలితో తడుముతుంది, కంటితో వెతకదు. నరం దొరికినప్పుడు మెత్తగా, ఎగిరినట్టు తగులుతుందట. నేను వెళ్లి "అక్కా, కొత్త బ్యాచ్‌కు ఇది మీరే చూపించాలి" అంటే ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆమెను ఎవరూ అలా అడగలేదు. ఆ రోజు పన్నెండు మంది పిల్లలు ఆమె చుట్టూ నిలబడ్డారు. నెల తిరగకముందే ఆమే వచ్చి ఇన్ఫ్యూజన్ పంప్ సెట్ చేయడం తనకు చూపించమని అడిగింది.

ఇంకొకటి. ఎడ్యుకేటర్లకు పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా డ్యూటీ పెడతారు. కొత్త నర్సు ఒంటరిగా చిక్కుకునేది తెల్లవారుజామున నాలుగింటికి. నెలలో ఒక్క నైట్ అయినా అడిగి వేయించుకో. ఆ రాత్రి నువ్వు చూసేది పగటి క్లాసుల్లో కనబడదు.

ప్రశ్న: నర్స్ ఎడ్యుకేటర్ కావాలంటే ఎంఎస్సీ ఉండి తీరాలా? – ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ లేదా క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ పోస్టుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ గానీ పోస్ట్ బేసిక్ గానీ చేసి, ఏడాది అనుభవం ఉంటే సరిపోతుంది. ఎంఎస్సీ ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారు. అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే ఎంఎస్సీ తప్పదు. ఆసుపత్రుల్లోని ఎడ్యుకేటర్ పోస్టు వేరు. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపుకు వెళ్లే ఆసుపత్రి తన సిబ్బందికి ఇచ్చిన శిక్షణ రికార్డులు చూపించాలి, అందుకని ఈ పోస్టులు పెరిగాయి. అర్హతలు ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా అడుగుతారు. నన్నడిగితే కనీసం అయిదేళ్లు వార్డులో నైట్లు చేయకుండా ఈ పోస్టుకు రావొద్దు. డిగ్రీ పూర్తికాగానే ఎడ్యుకేటర్‌గా కూర్చున్నవాళ్ల మాట వార్డు వినదు. అందులో వార్డు తప్పేమీ లేదు.

ప్రశ్న: మా బిడ్డ బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. వార్డు పోస్టింగ్ మొదలైనప్పటి నుంచి ఫోన్ చేసి ఏడుస్తోంది. బెడ్‌పాన్లు పెట్టిస్తున్నారు, పేషెంట్ల ఒళ్లు తుడిపిస్తున్నారు అంటోంది. పత్తి అమ్మిన పైసలతో ఫీజు కట్టాం. దీనికోసమా మేడమ్ చదివిస్తున్నది? – ఒక తండ్రి, నర్సంపేట మండలం

జవాబు: అన్నా, మీ బాధ నాకు అర్థమవుతోంది. మా నాన్న కూడా ఇదే అడిగాడు. ఒళ్లు తుడిచేటప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను, మీరే ఆలోచించండి.

పక్షవాతంతో పడుకున్న మనిషిని పక్కకు తిప్పి వీపు తుడుస్తాం. నడుము కింద, తోక ఎముక దగ్గర చర్మం కాస్త ఎర్రగా కనబడుతుంది. అక్కడ వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండుకు అది మొదలు. ఆ రోజు నుంచే రెండు గంటలకోసారి పక్క మార్చడం మొదలుపెడితే తోలు నిలబడుతుంది. పట్టించుకోకపోతే కొద్ది రోజుల్లోనే పుండు పడుతుంది, ముదిరితే ఎముక దాకా పోతుంది. మనిషి ఒంటి రంగు నలుపైతే ఎరుపు తెలియదు. అప్పుడు వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. వీపు తుడవని నర్సుకు ఇది ఎక్కడ కనబడుతుంది? బెడ్‌పాన్ పెట్టిన పిల్లకే మలం నల్లగా తారులా ఉందని తెలుస్తుంది, కడుపులో రక్తం పోతోందని ఆమే ముందు చెబుతుంది.

అయితే మీ బిడ్డను ఒక మాట అడగండి. "ఆ పని చేసేటప్పుడు పక్కన మీ టీచర్ ఉంటుందా? ఏం చూడాలో చెబుతుందా?" పది మంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలని కౌన్సిల్ నిబంధన ఉంది. టీచర్ ఉండి చూపిస్తుంటే అది చదువే, బిడ్డకు ధైర్యం చెప్పండి. టీచర్ ఎవరూ రాకుండా, ఆయాలు తక్కువున్నారని పిల్లలతో పొద్దంతా ఆ పనే చేయిస్తుంటే అది అన్యాయం. అప్పుడు మీరు వెళ్లి కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడగండి. ఫీజు కట్టిన తండ్రిగా అడిగే హక్కు మీకుంది. కోపంగా వెళ్లకండి, పిల్ల ఇంకా రెండేళ్లు అక్కడే చదవాలి. మరొకటి కూడా చెప్పండి, ఏడుపు రావడం తప్పు కాదని. మొదటిసారి ముసలాయన ఒంటి మీద బట్ట తీయాల్సి వచ్చినప్పుడు నాకూ ఏడుపొచ్చింది. తెర వేయడం, దుప్పటి కప్పి ఉంచి ఒక్కో చేయీ ఒక్కో కాలూ తీసి తుడవడం నేర్పించాక ఆ ముసలాయనకూ సిగ్గు తగ్గింది, నాకూ తగ్గింది.

ప్రశ్న: పేరు వేయొద్దు మేడమ్. డ్యూటీలో చేరి నాలుగు నెలలైంది. నైట్ డ్యూటీలో ఇన్సులిన్ ఇచ్చే ఎర్ర మూత సిరంజిలు అయిపోతే ఆరెంజ్ మూతది తీసుకుని 20 గీత దాకా లాగి ఒక పేషెంట్‌కు ఇచ్చాను. పొద్దునకు షుగర్ 340. డాక్టర్ డోసు 26కు పెంచారు. మర్నాడు వేరే సిస్టర్ ఎర్ర మూత సిరంజితోనే 26 ఇచ్చింది. ఆయనకు చెమటలు పట్టి షుగర్ 58కి పడిపోయింది. గ్లూకోజ్ ఇస్తే కోలుకున్నాడు. తప్పు నాదేనని నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: బిడ్డా, నీ మెసేజ్ చూసిన రోజే నీకు జవాబిచ్చాను. "ఇప్పుడే లేచి డ్యూటీ డాక్టర్‌కు, ఇన్‌చార్జ్‌కు చెప్పు" అన్నాను. ఎందుకంటే ఆయన కేస్ షీట్‌లో ఇంకా నీ సిరంజి వల్ల పెరిగిన 26 అలాగే ఉంది. నువ్వు వెళ్లి చెప్పావు. డోసు సరిచేశారు. నువ్వు ఒప్పుకున్నాక ఇలా ఇక్కడ రాస్తున్నాను, ఇదే తప్పు ఇంకో పది మంది చేయగలరు కాబట్టి.

మనకు వార్డుల్లో వచ్చే ఇన్సులిన్ వయల్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. ఆరెంజ్ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసింది. దాంట్లో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరే. 40 యూనిట్ల వయల్ నుంచి 0.2 మిల్లీలీటరు అంటే 8 యూనిట్లు. 20 ఇచ్చాననుకుని నువ్వు 8 ఇచ్చావు. దానికే షుగర్ తగ్గలేదు. మందు చాలలేదని డాక్టర్ పెంచారు. తర్వాతి సిస్టర్ సరిగ్గా ఇచ్చింది, కానీ ఆ 26 అన్న అంకె అప్పటికే తప్పుడు లెక్క మీద నిలబడి ఉంది. తిరగేసి చూడు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. అది ప్రాణానికే ముప్పు.

నేను కొత్తవాళ్లకు దీన్ని నోటితో చెప్పను. ఖాళీ వయల్‌లో రంగు నీళ్లు పోసి, రెండు సిరంజిల్లోనూ 20 గీత దాకా లాగించి పక్కపక్కన పెట్టిస్తాను. ఒకదాంట్లో ఉన్నదానికి రెండోదాంట్లో ఉన్నది సగం కూడా ఉండదు. అది చూశాక ఎవరూ మూత రంగు చూడకుండా సిరంజి తీయరు. అయినా రంగును మాత్రమే నమ్మొద్దు, వయల్ మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ పైకి చదవాలి. రెండూ ఒకటైతేనే లాగాలి. ఎర్ర మూతవి అయిపోతే పక్క వార్డు నుంచి తెప్పించుకోవాలి, ఇన్సులిన్ కాస్త ఆలస్యమవుతుందని డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు.

మీ ఆసుపత్రిలో ఇన్‌చార్జ్ నిన్ను అందరి ముందూ నిలబెట్టి మాట్లాడిందని రాశావు. అది చదివి నాకు చాలా బాధేసింది. అలా నిలబెడితే తర్వాతి పిల్ల చెప్పదు. చెప్పకపోతే ఆ 26 కేస్ షీట్‌లో అలాగే ఉండిపోతుంది. ఇన్‌చార్జ్ సిస్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే చేతులు జోడించి అడుగుతున్నాను, తప్పు చెప్పుకున్న పిల్లను ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. రెండు రకాల సిరంజిలు ఒకే డబ్బాలో ఎందుకున్నాయో ఆ తర్వాత అందరం కలిసి చూద్దాం. మా వార్డులో ఆరెంజ్ మూతవి అసలు ఉంచం, ఫార్మసీ నుంచి పేషెంట్ పేరు మీద మాత్రమే వస్తాయి.

నువ్వు ఉద్యోగం మానేయాలనుకుంటున్నావు. మానకు. ఈ నెలలో మీ వార్డుకొచ్చే కొత్త అమ్మాయికి ఆ రంగు నీళ్ల పాఠం నువ్వే చూపించు.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. వరంగల్‌లో నర్సింగ్ మొదటి సంవత్సరం. ఇక్కడి పేషెంట్ల మాటలు కొన్ని అర్థం కావు. ఒక తాత "బొక్క నొస్తుంది" అంటే నవ్వొచ్చింది, మా మేడమ్ కోప్పడ్డారు. ఏం చేయాలి? – ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: తల్లీ, మీ వైపు బొక్క అంటే రంధ్రం. ఇక్కడ బొక్క అంటే ఎముక. "బొక్క ఇరిగింది" అంటే ఎముక విరిగిందని. ఆ తాత నొప్పితో ఉన్నాడు కదా, నవ్వితే మనసు చిన్నబుచ్చుకుంటాడు. మరుసటి రోజు వెళ్లి పలకరించు, సరిపోతుంది.

చిన్న నోట్‌బుక్ పెట్టుకో. రోజుకు మూడు మాటలు రాసుకో. దూప అంటే దాహం. గోలీ అంటే మాత్ర. జరం అంటే జ్వరం, సలిజరం అంటే వణుకుతో వచ్చేది. "దమ్మాడుతలేదు" అంటే ఊపిరి ఆడటం లేదని, అది విన్నప్పుడు రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే కూర్చోబెట్టి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూడు. "కండ్లకు చీకట్లొస్తున్నయ్" అంటే పడుకోబెట్టి బీపీ చూడు. "దొడ్డికి పోయిన" అంటే మలవిసర్జన. ఎన్నిసార్లు, నీళ్లలాగానా, రక్తం ఉందా అని అడగడానికి సిగ్గుపడకు. అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సింది "పాణం ఎట్లనో అయితుంది" అన్న మాట. పుస్తకంలో ఈ లక్షణం ఉండదు. నా అనుభవంలో ఆ మాట అన్నవాళ్లలో షుగర్ పడిపోయినవాళ్లు ఉన్నారు, గుండెపోటు మొదలైనవాళ్లు ఉన్నారు. పల్స్, బీపీ, షుగర్, చల్లచెమటలు ఉన్నాయా అన్నది చూశాకే అక్కడి నుంచి కదులు.

మహబూబాబాద్, ములుగు వైపు నుంచి లంబాడీ, కోయ మాట్లాడే పెద్దవాళ్లు వస్తారు. వాళ్లతో గట్టిగా అరిచి తెలుగు మాట్లాడితే లాభం లేదు. మనవడో మనవరాలో పక్కన ఉంటారు, వాళ్లను అడుగు. వార్డులో ఆయమ్మకు ఆ భాష వచ్చేమో కనుక్కో. కొందరు లంబాడీ అవ్వలకు భుజం దాకా గాజులుంటాయి, బీపీ కఫ్ పట్టదు. గబుక్కున లాగేయకు, అది వాళ్లకు పెళ్లితో ముడిపడిన సంగతి. ఇంటివాళ్లను అడిగి జరపగలిగితే జరుపు, కుదరకపోతే ముంజేతికి సరిపడే కఫ్ కట్టి, ముంజేతి మీద చూశానని చార్టులో రాయి.

ప్రశ్న: ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వానకాలం మొదలైందంటే నాట్లకు, పత్తి చేలకు వెళ్లినవాళ్లు పాము కాటుతో వస్తారు. కొత్తగా వచ్చిన నర్సులకు 20 నిమిషాల రక్త పరీక్ష ఎలా నేర్పించాలి? – ఒక నర్సింగ్ ఆఫీసర్, భూపాలపల్లి జిల్లా

జవాబు: పాము విషానికి రక్తం గడ్డకట్టకుండా పోయిందా అని చూసే ఈ పరీక్షకు మిషన్ అక్కర్లేదు, గాజు ట్యూబు, గడియారం చాలు. తప్పు జరిగేది కూడా ఆ రెండింటి దగ్గరే. ట్యూబు గాజుదే అయి ఉండాలి. ప్లాస్టిక్‌లో రక్తం సరిగా గడ్డకట్టదు. కొత్తది, పొడిది కావాలి. సబ్బు పొడితో కడిగి ఆరబెట్టిన ట్యూబు వాడితే ఆ సబ్బు జాడకే గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా విరుగుడు మందు ఎక్కిస్తారు. నరం నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి ట్యూబులో పోసి, మంచం పక్కనే కదలని చోట నిలబెట్టాలి. ఎంతసేపైందోనని మధ్యలో ఎత్తి చూడకూడదు, ఊపకూడదు. సరిగ్గా 20 నిమిషాలకు ఒక్కసారి వంచాలి. నీళ్లలా జారితే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కిందని, డాక్టర్‌కు అప్పటికప్పుడు చెప్పాలి. విరుగుడు మందు ఇచ్చాక 6 గంటలకు మళ్లీ ఇదే పరీక్ష చేయాలి. ట్యూబు పెట్టిన టైమ్ ప్లాస్టర్ ముక్క మీద రాసి ట్యూబుకే అంటించమనండి. నైట్‌లో మూడు కేసులు ఒకేసారి వస్తే ఎవరి ట్యూబు ఎప్పుడు పెట్టారో గుర్తుండదు.

గడ్డకట్టింది కదా అని మాత్రం పక్కకు వెళ్లనివ్వకండి. కట్లపాము కాటుకు రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కాటు గాయం కనబడకపోవచ్చు, నొప్పి కూడా ఉండదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి అనో, గొంతులో ఏదో అడ్డం పడిందనో వస్తాడు. వాళ్ల కనురెప్పలు చూడాలి. పైకి చూడమంటే రెప్పలు లేవకుండా బరువుగా వాలుతుంటే నరాలకు విషం ఎక్కుతోందని అర్థం. ఒక్క ఊపిరి మీద ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెడతాడో వినమనండి. వచ్చినప్పుడు 25 దాకా లెక్కపెట్టినవాడు అరగంటకు 15 దగ్గర ఆగిపోతే శ్వాసనాళంలో గొట్టం వేసే సామాను మంచం దగ్గరికి తెచ్చుకోవాలి, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) చేతికందేలా ఉండాలి. ప్రతిసారీ ఆ అంకె, టైమ్ కేస్ షీట్‌లో పడాలి, తర్వాతి డ్యూటీ సిస్టర్‌కు అది తప్ప వేరే ఆధారం ఉండదు.

నేర్పించడానికి కేసు వచ్చేదాకా ఆగకండి. ఇద్దరు నర్సుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరి ఊపిరి లెక్క ఒకరితో రాయించండి, పది నిమిషాల పని. ఈరోజు డ్యూటీకి వెళ్లగానే క్యాజువాలిటీలో కొత్త గాజు ట్యూబులు ఎన్నున్నాయో, ఏ అరలో ఉన్నాయో చూడండి. ఆ అర తాళం చెవి నైట్ సిస్టర్ దగ్గర ఉందో లేదో కూడా అడగండి.